గడప మీద ఇనుప కుర్చీ

మా పెద్దమ్మ వనపర్తిలో ఒక పెద్ద ఆఫీసరు దగ్గర సెక్రటరీగా పనిచేసి రిటైరైంది. ఆయన గది తలుపు పక్కనే ఆమె బల్ల. ఎండనపడి వచ్చిన రైతులకు "సారు మీటింగుల ఉన్నడు, జర ఆగుండ్రి" అని చెప్పడమే తన ఉద్యోగమని నవ్వేది. సారు లోపల కునుకు తీస్తున్నాడని ఆమెకు తెలుసు. ఆ నవ్వులో కొంత బాధ కూడా ఉండేది.

రిటైరయ్యాక గద్వాలలో మా ఇంటికి వచ్చి, చర్చి పనంతా నెత్తిన వేసుకుంది. స్త్రీల సమాజం, ఇంటింటి ప్రార్థనలు, దవాఖానలో రోగుల పలకరింపులు, అన్నిటికీ ఆమే. ఊరికే కూర్చుంటే ఆమెకు ఒంట్లో బాగుండదు.

అప్పుడే సంఘపెద్ద ఒక కొత్త నియమం తెచ్చాడు. ఆరాధన మొదలవగానే తలుపులు మూయాలి, ఆలస్యంగా వచ్చేవాళ్లతో భక్తి చెడుతోందట. వినడానికి బాగానే ఉంది. కానీ గట్టు మండలం వైపు ఊళ్ల ఆడవాళ్లు విత్తనాల కోసం పెంచే సీడుపత్తి చేలల్లో కూలికి పోతారు. సాయంత్రం మొగ్గలు గిల్లి, మర్నాడు పొద్దున మగపూలు తెచ్చి ఒక్కోదానికి అద్దాలి. దాన్ని క్రాసింగ్ అంటారు. ఎండ ముదిరితే ఆ పని పనికిరాదు. పువ్వుకు ఆదివారమని తెలుస్తుందా? పని ముగించుకుని, ఆటో ఎక్కి వచ్చేసరికి తలుపులు మూసి ఉండేవి. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల నాడు కూడా బయట చెప్పుల దగ్గర నిలబడి, రొట్టె అందకుండానే తిరిగిపోయేవాళ్లు. చూస్తే నాకు ఒళ్లు మండేది.

పెద్దమ్మ మాత్రం అరవలేదు. పాస్టరు అయ్యగారికి చెప్పి చూసింది, సంఘపెద్దకు చెప్పి చూసింది. తర్వాతి ఆదివారం మా ఇంట్లోని ఇనుప కుర్చీ మోసుకొచ్చి, సరిగ్గా గడప మీద వేసుకుని కూర్చుంది. గడప మీద కూర్చోవద్దని చిన్నప్పుడు నన్ను తిట్టిన మనిషే.

"గిట్ల అడ్డం కూసుంటే ఎట్లక్కా? లోపలికి రా" అన్నాడు సంఘపెద్ద.

"బతుకంతా తలుపు కాడనే కూసున్న తమ్మీ. సారు బిజీ అని అందరికీ చెప్పిన. దేవుడు బిజీ అని మాత్రం చెప్ప."

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. మా సంఘపెద్ద రాజు కూడా కాదు. వారం వారం ఆమె కూర్చుంది, జల్లు కొడితే కొంగు కప్పుకుని కూర్చుంది. చివరికి ప్రభువు బల్లను ఆరాధన ఆఖరుకు జరిపారు. మళ్లీ ఆ తలుపు మూయలేదు.

నిరుడు క్రాసింగ్ రోజుల్లోనే పెద్దమ్మ పోయింది. ఎండ ముదరకముందే, పొద్దున్నే సమాధి కార్యక్రమం కానిద్దామన్నాడు సంఘపెద్ద. చుట్టాలందరూ తలలూపారు. తెలకపల్లి వాళ్లకు బస్సు తొందర.

"గట్టోళ్లు రాకుండ మా పెద్దమ్మను కదలనియ్య" అన్నాను.

"ఎంతసేపు ఆపుతవు బిడ్డా?" అన్నాడాయన.

"వాళ్ల పనయ్యేదాక."

ఇంటికి పోయి ఇనుప కుర్చీ తెచ్చి చర్చి గడప మీద వేసుకున్నాను. లోపల పెట్టెలో పెద్దమ్మ. వెనక నుంచి గుసగుసలు, ముందు ఎండ. అలా కూర్చోవడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. ఏడుపొచ్చింది గానీ లేవలేదు.

మధ్యాహ్నం ఒక ఆటో వచ్చింది. వేళ్లకు పుప్పొడి అంటుకుని ఉండగానే ఆడవాళ్లు నా పక్కనుంచి లోపలికి వెళ్లారు. వాళ్ల వెనకే సంఘపెద్ద నా దగ్గరికి వచ్చాడు. ఇక తలుపు మూయమంటాడని కుర్చీ గట్టిగా పట్టుకున్నాను.

"లే బిడ్డా" అన్నాడు. "నువ్వు పోయి మీ పెద్దమ్మ కాడ కూసో. ఇంకో ఆటో వస్తున్నదంట. అది వచ్చేదాక ఈడ నేను కూసుంట."