కాశీ చూడని కాశీ ఉండలు

ఎన్నేళ్లుగానో ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు చెప్పే ధైర్యం లేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఏలూరులో నాది మిఠాయి కొట్టు. మా కాశీ ఉండలు తినని ఇల్లు ఊళ్లో తక్కువ. ఇప్పుడు తాడేపల్లిగూడెంలోనూ ఆ పేరుతోనే అమ్ముతున్నారు. నేనా, కాశీ మొహం ఎరగను. అవి కొల్లేటివి. తామర గింజలు వేయించి, దంచి, తాటిబెల్లం పాకంలో ఉండలు చుట్టడం నాకు నేర్పింది నూకాలమ్మ. కొల్లేటి లంకలో చేపలు పట్టుకు బతికే మనిషి. ఉప్పు సత్యాగ్రహం జరిగిన ఏడాది, గింజలు అమ్మడానికి వచ్చి, అడగ్గానే మా పెరటి పొయ్యి మీద చేసి చూపించింది.

చేపలవాళ్ల వంటకమంటే మా బేరగాళ్లు కొట్టు గుమ్మం తొక్కుతారా? కాశీ వెళ్లొచ్చిన మా మామయ్య నేర్పాడని కోతలు కోసేశాను. జనం కళ్లకద్దుకుని తిన్నారు. అదీ తప్పే. కానీ నన్ను నిద్రపోనివ్వనిది ఆ తర్వాత జరిగింది.

కొడుకు పెళ్లి మాటలకు వెళుతూ నూకాలమ్మ ఆ ఉండలే చేసి పట్టుకెళ్లింది. ఏలూరు కొట్లో కొని సొంతమని చెబుతోందని పిల్ల తండ్రి ఎగతాళి చేశాడట. ఆయన్ని వెంటబెట్టుకుని తిన్నగా నా దగ్గరికి వచ్చింది. కొట్టు నిండా జనం.

“అయ్యగారూ, ఇవి నేను నేర్పినవేనని ఒక్క మాట చెప్పండి. నన్ను అబద్ధాలకోరంటున్నారండి,” అంది.

“ఎవరమ్మా నువ్వు? ఇవి కాశీవి,” అన్నాను.

అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండును. “పోనీలెండి బాబూ,” అని వెళ్లిపోయింది. ఎందుకన్నాను ఆ మాట? నిజం తెలిస్తే కొట్టు మూతపడుతుందని భయపడ్డానా, లేక అంతమంది నన్ను మెచ్చుకుంటూ తింటుంటే ఆ మెప్పులో పిసరంత కూడా ఆవిడకు దక్కనివ్వడం ఇష్టంలేకపోయిందా? రెండోదేనేమో. సిగ్గుగా ఉంది.

మొన్న పడవెక్కి ఆ లంకకు వెళ్లాను, క్షమించమని అడుగుదామని. నూకాలమ్మ పోయి ఏడాదయిందట. నేనెవరో తెలియకపోయినా కోడలు చాప వేసి, తామరాకులో రెండు ఉండలు పెట్టింది.

“తినండి బాబూ. ఏలూరు కాశీ ఉండలండి. మా అత్త బాగా చేసేదండి. మా పెళ్లి మాటలప్పుడు తన సొంతమని బొంకిందటండి, మా నాన్న ఈ సంబంధం వద్దన్నాడు. ఆఖరికి ఆయన కాళ్లు పట్టుకుని, కొన్నవేనని ఒప్పేసుకుందండి పాపం.”

తిన్నాను. బాగున్నాయమ్మా అన్నాను. అక్కడా నోరు పెగల్లేదు నాకు, చవటని. పడవ ఎక్కాక గానీ ఏడుపు రాలేదు.

ఆ ఉండలు నూకాలమ్మవి. ఇదిగో, రాశాను. ఈ పూట కాస్త ఊపిరాడుతోంది.