పైకప్పు చూసే అక్క

మేం నల్లగండ్లలో ఉన్నప్పుడు మా ఇంట్లో వంట చేసిన అక్క, ఏ గదిలో అడుగుపెట్టినా ముందు తలెత్తి పైకప్పు చూసేది. లింగంపల్లిలో ఆమెకున్న ఒక్క గదీ వానొస్తే ఒక మూల కురిసేది. ఆ మూలన ఎప్పుడూ ఒక పాత పెయింటు బకెట్ ఉండేది.

ఇళ్లను కొత్తగా మార్చి చూపించే టీవీ కార్యక్రమానికి ఆమె పేరు పంపింది నేనే. వాళ్లొచ్చి గోడలకు రంగులేశారు, సోఫా వేశారు, కప్పు కింద తెల్లటి ఫాల్స్ సీలింగ్ బిగించి లైట్లు పెట్టారు. తలుపు తీయగానే ఆమె ఏడ్చింది. ఆఫీసు క్యాంటీన్‌లో ఫోన్లో అది చూస్తూ నేనూ ఏడ్చాను. ఏదో పుణ్యం చేశాననుకున్నాను.

మొదటి వాన పడ్డ మర్నాడు పనికొచ్చి, మా కప్పు చూసి, ఉల్లిపాయలు ముందేసుకుని ఊరికే కూర్చుంది.

"ఏమైందక్కా?"

"కురుస్తుందమ్మా. ఇంతకుముందు ఒక్క కాడనే కురుస్తుండె. ఇప్పుడు నీళ్లు ఆ తెల్ల అట్టల మీదికెల్లి పారి, యాడ పడ్తయో తెలుస్తలేదు. సోఫా అంత నానింది."

టీవీ వాళ్లకు ఫోన్ చేస్తానన్నాను. అలాంటి ఫోన్లకు ఏం జవాబొస్తుందో నాకు తెలుసు. నా ఉద్యోగమూ కస్టమర్ సపోర్టే. అయినా అడిగాను, "కప్పు బాగు చేయమని చెప్పనా?"

"వాళ్లతోని ఏమైతదమ్మా," అంది. "టీవీల మంచిగ కనవడదని నా బకెట్ తీస్కపోయిన్రు. జర అదొక్కటి ఇప్పియ్యి."