కుట్లు లెక్కపెట్టే ఇన్నయ్య

కుట్లు లెక్కపెట్టనిదే ఇన్నయ్య బొంత ధర చెప్పేవాడు కాదు. బొంతంటే పాత చీరలు నాలుగైదు పొరలు పరిచి, వేలెడు ఎడంతో వరస పక్కన వరస కుట్టేది. దాని మీద ఎన్ని కుట్లుంటాయో దేవుడికే తెలియాలి. ఇన్నయ్య ఆ భారం దేవుడి మీద వేయలేదు. కళ్లద్దాలు తుడుచుకుని, బొంత ఒక మూల పట్టుకుని, చూపుడు వేలు పెట్టి, ఒకటి, రెండు, మూడు అంటూ బయలుదేరేవాడు.

ఆయన యూనివర్సిటీలో ముప్పై ఏళ్లు అటెండరుగా చేసి రిటైరైన మనిషి. లాలాపేట నుంచి కాశమ్మ, సాలమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు బొంతలు కుట్టి తెచ్చి, తార్నాకలో మా ఇంటి ఎదురుగా మూతపడ్డ సైకిల్ దుకాణం అరుగు మీద అమ్ముకునేవారు. పంతొమ్మిది వందల అరవై ఏడులో చలి మొదలైన రోజుల్లో ఇన్నయ్య వచ్చి ఆ అరుగు చివర కూర్చున్నాడు. మర్నాడూ వచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు. పిలవని మనిషి రోజూ వస్తుంటే నాకు అన్నం సహించదు. అప్పటి నుంచి మా వీధి కిటికీ మూయలేదు.

ఒకనాడు క్యాంపస్ నుంచి ఒక లెక్చరర్ వచ్చాడు. ధర ఎనిమిది రూపాయలని సాలమ్మ చెప్పింది. అయిదుకివ్వమన్నాడాయన. ఇన్నయ్య బొంత లాక్కుని లెక్క మొదలుపెట్టాడు.

"అంతా ఎందుకయ్యా? ఒక జానెడు లెక్కపెట్టి మిగతాది గుణించు. అర నిమిషం పని," అన్నాడు లెక్చరర్.

"గుణించొచ్చు సార్. గని గీ జానెడు పొద్దుగాల తీరుబాటుగ కుట్టింది. గా జానెడు పొయ్యి మీద పప్పు మాడంగ కుట్టింది. రెండూ ఒక్క తీరుగ ఎట్లుంటయి? కూసోండ్రి."

లెక్చరర్ కూర్చున్నాడు. ఆరువందల పన్నెండు దగ్గర దారిన పోయేవాడెవడో సికింద్రాబాద్ బస్సు ఎప్పుడొస్తుందని అడిగాడు. "ఇప్పుడే వోయింది," అని చెప్పి ఇన్నయ్య బిత్తరపోయి వేలు వైపు చూసుకున్నాడు. మళ్లీ ఒకటి, రెండు, మూడు. రెండోసారి నాలుగువందలు దాటేసరికి లెక్చరర్ లేచి, ఎనిమిది రూపాయలూ అక్కడ పెట్టి, బొంత చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

పోస్టుమాన్ నమస్తే అన్నాడని లెక్క పోయింది. మేక వచ్చి బొంత అంచు నమలబోయిందని పోయింది. ఒకసారి తన తుమ్ముకే తాను ఉలిక్కిపడి ఏడువందల దగ్గర లెక్క పోగొట్టుకున్నాడు. ఇన్నిసార్లు లెక్కపెట్టినా పెద్ద బొంత ధర ఎనిమిది రూపాయలే. ఏనాడూ పైసా పెరగలేదు, పైసా తగ్గలేదు. మరి లెక్క ఎందుకు? అక్కడే నాకు అనుమానం పట్టుకుంది.

కాశమ్మను మా ఇంటికి మంచినీళ్లకు పిలిచి కూర్చోబెట్టాను.

"ఆ ముసలాయనకు బొంతకెంత ఇస్తున్నరే?"

"ఏమియ్యం, వేదమ్మా."

"ఏమియ్యకుంటే ఎందుకొస్తడు?"

"ఏమో. ఇంట్ల పొద్దువోదేమో."

"పొద్దువోకుంటే మౌలాలి గుట్టెక్కి దిగొచ్చు గద."

కాశమ్మ నీళ్లు తాగి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. వీళ్ల దగ్గర తీసుకోకపోతే కొనేవాళ్ల దగ్గర తీసుకుంటూ ఉండాలి. ముప్పై ఏళ్లు క్యాంపస్‌లో తిరిగినవాడు, అందరూ తెలిసినవాళ్లే. ఒకరోజు ఆయన నల్లా దగ్గరికి వెళ్లినప్పుడు అరుగు దగ్గరికి పోయి, ఆయన సంచిలోకి కాస్త వొంగి చూశాను. సంచి మూతి తెరిచే ఉంది, నేను తెరవలేదు. లోపల ఒక జొన్నరొట్టె, పది చింతగింజలు. వందకొక గింజ పక్కన పెట్టడానికని సాలమ్మ చెప్పింది. దాంతో అనుమానం ఇంకా ముదిరింది. నిజాయితీపరుడికి ఇంత సరంజామా ఎందుకు?

అరవై ఎనిమిది నవంబరులో ఆడపిల్లల హాస్టల్ మేట్రన్ అరుంధతి గారు బొంతలు చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. ముప్పై కావాలట. ముందురోజు కాశమ్మ నాతో ఒక మాట అంది. "ఈ బేరం పోతే ఇగ సూది వట్ట వేదమ్మా. కొత్త బిల్డింగుల కాడ ఇటుకలు మోయవోత." ఆమెకు అప్పటికి యాభై అయిదు దాటాయి.

మేట్రన్ గారు రిక్షా దిగి, సాలమ్మ చెప్పిన ధర విని, బొంత అంచు రెండు వేళ్లతో ఎత్తి చూశారు.

"పాత చీరలే కదా. ఎనిమిదా? నాలుగిస్తాను."

సాలమ్మ తల అప్పటికే సరేనన్నట్టు వంగుతోంది. ఇన్నయ్య కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "లెక్కవెట్టి చెప్తనమ్మా. కూసోండ్రి."

ఈసారి కిటికీ లాభం లేదని నేనే వెళ్లి ఆయన వెనక నిలబడ్డాను. ఆయన పైకి లెక్కపెడుతున్నాడు, నేను లోపల లెక్కపెడుతున్నాను. మూడువందల నలభై అయింది. వేలు కింది వరసకు దింపి ఆయన, "మూడువందల పది" అన్నాడు.

"ఆగు ఇన్నయ్యా. మూడువందల నలభై ఎప్పుడో అయింది. మళ్ల వెనక్కి వోతున్నవు."

మేట్రన్ గారు తలెత్తారు. "అంటే లెక్క తప్పా?"

"తప్పే. ఏడాది సంది జూస్తున్న. ఈయన లెక్క ఎన్నడూ ఒప్పు గాదు."

"అయితే ధర కూడా తప్పే అయి ఉంటుంది," అని ఆవిడ లేచారు.

దొంగను పట్టుకున్నానని గర్వంగా కాశమ్మ వైపు చూశాను. ఆమె తలమీద కొంగు చుట్టగా చుట్టుకుంటోంది, ఇటుకలు ఇప్పుడే ఎత్తుకోబోతున్నట్టు. నా నోరు ఏం పని చేసిందో అప్పుడు తెలిసింది.

ఇన్నయ్య బొంత తెచ్చి మేట్రన్ గారి చేతుల్లో పెట్టాడు. "నా కండ్లు వోయినయమ్మా. సదువుకున్నోళ్లు, మీరే లెక్కవెట్టుండ్రి."

చదువుకున్నవాళ్లు అన్నాక ఆవిడకు కాదనడం కుదరలేదు. కూర్చుని మొదలుపెట్టారు. మొదటి వరస చకచకా పోయింది. నాలుగో వరసకు వేలు నెమ్మదించింది. ఎనిమిదో వరసకు చెమట పట్టింది. నాలుగువందల ముప్పై దగ్గర రిక్షావాడు విసుగొచ్చి బెల్లు కొట్టాడు.

"ఎంత దాకా వచ్చాను?" అని ఆవిడ నన్నడిగారు.

నాలుగువందల ముప్పై. నా నాలుక చివరే ఉంది. ఇన్నయ్య నన్ను చూస్తున్నాడు.

"నాకు తెలవదమ్మా," అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అనడం అదే మొదలు.

ఆవిడ మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టారు. రెండో వరస మధ్యలో ఆగి, బొంత మీద ఇంకా మిగిలిన మేరంతా చూశారు. తర్వాత కాశమ్మ వేలి కొసలు చూశారు.

"ఒక్కదానికి ఎన్ని రోజులు పడుతుంది?"

"వంటా, ఇల్లూ అయినంక కుడితే వారమమ్మా."

"ఎనిమిదికే ఇవ్వండి. ముప్పై."

పన్నెండు తయారుగా ఉన్నాయి. మిగతావి నెలన్నరలో ఇచ్చేటట్టు మాటయింది. రిక్షా మలుపు తిరిగాక నేను ఇన్నయ్య పక్కన కూర్చున్నాను.

"నిజం చెప్పు. ఎన్నడన్న ఒక బొంత చివరిదాక లెక్కవెట్టినవా?"

"లేదమ్మా. వెయ్యి దాటలే. వెయ్యి లోపల్నే మనిషి మెత్తవడ్తడు. పాత చీరలే గద అన్న నోరే మల్ల ఆ మాట అనది."

"మరి నడుమల తప్పులెందుకు?"

"వెయ్యి తొందరగ అయితే ఎట్లమ్మా? కొనేటోళ్లు కూసొని సూడొద్దా?"

"నీకేం లాభం?"

ఆయన చింతగింజలు సంచిలో వేసుకున్నాడు. లేచాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"రేపు వకీలు సాబొకాయన వస్తనన్నడు. గట్టి మనిషంట. ఇయ్యాల మీరు నడుమల తప్పు వట్టింది మంచిగున్నది. రేపు గూడ రారాదుండ్రి."

వెళ్లాను. వకీలు సాబు ముందు ఏడుసార్లు తప్పు పట్టాను. అందులో రెండు నిజంగా తప్పులే.