డైమండ్ కుట్టు

కొత్త రెగ్జిన్ చుట్ట విప్పితే ఒక ఘాటైన వాసన వస్తుంది. అందరికీ అది కొత్త కారు వాసన. నాకు మాత్రం యాకోబన్న గుర్తొస్తాడు. హనుమకొండలో నాకు కార్ల సీటు కవర్లు కుట్టే దుకాణం ఉంది. ఈ ఉదయం ఒక చుట్ట విప్పి బల్ల మీద పరుస్తుంటే, బయట ఆగిన టాక్సీలో ఎవరో వెనక సీటు బెల్టు పెట్టుకున్నారు. టక్కుమని లాకు పడిన చప్పుడు వినిపించింది. వెంటనే తలెత్తి చూశాను. ఆయన పోయి ఏడాది దాటింది, ఆ చప్పుడుకు తలెత్తే అలవాటు మాత్రం నాకు పోలేదు.

యాకోబన్న ముప్పై ఏళ్లు టాక్సీ నడిపిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఆదివారం చర్చికి వేసుకునే తెల్ల చొక్కాలే వారమంతా వేసేవాడు. నేను దుకాణం పెట్టిన మొదటి ఏడాదిలో పరిచయమయ్యాడు. మా బాపు కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. మగ్గం నాకు కూడు పెట్టదని తెలిసి నేను కుట్టు మిషన్ పట్టుకున్నాను గానీ నేతగాడి పట్టింపు మాత్రం వదులుకోలేదు. గీత వంకరపోతే ఆ పూట నాకు అన్నం సహించేది కాదు. అలాంటి నా దగ్గర కవర్లు కుట్టించుకున్న మర్నాడే ఆయన మళ్లీ వచ్చాడు. "తమ్మీ, జర బ్లేడియ్యి" అన్నాడు. ఎందుకో అనుకుని ఇచ్చాను. వెనక తలుపు తీసి, నా కొత్త కవరును మూడు చోట్ల పరపరా కోశాడు.

"అన్నా, నీకేమన్న పిచ్చా? నిన్ననే గద కుట్టింది!" అని అరిచాను.

"పిచ్చి నాకా, నీకా? బెల్టు లాకులు మూడూ కవరు కింద పాతిపెట్టినవ్. ఎక్కినోళ్లు బెల్టు యేడ పెట్టాలె?"

"వెనక కూసునేటోళ్లు ఎవలు పెట్టుకుంటరన్నా?"

"దొర్కితెనే గద పెట్టుకునుడు. ఎక్కు, చూపిస్త."

నన్ను వెనక కూర్చోబెట్టి, మా గల్లీ చివరిదాకా నెమ్మదిగా పోనిచ్చి, చెప్పాపెట్టకుండా బ్రేకు నొక్కాడు. నా ముక్కు వెళ్లి ముందు సీటుకు కొట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన వెనక్కి తిరిగి పకపకా నవ్వాడు. "ఇది ఇరవై స్పీడే తమ్మీ. గట్టిగ తొక్కితె సైకిల్ గూడ ఇంత పోతది." తర్వాత నా పక్కన కూర్చుని, కళ్లు మూసుకుని, చెయ్యి సీటు మీద పెట్టి చూపించాడు. "ఎక్కేటోళ్లల్ల ముసలామె ఉంటది, సంకల బిడ్డ ఉన్నామె ఉంటది. ఎతుక్కుంట కూసోరు. గిట్ల చెయ్యి పెట్టంగనే దొర్కాలె." ఆ మధ్యాహ్నమే ఆ మూడు కోతలకూ అంచులు కట్టి, లాకులు పైకి వచ్చేలా మళ్లీ కుట్టిచ్చాను. ఆయన కళ్లు మూసుకుని తడిమి, దొరకగానే నా వీపు మీద ఒకటి చరిచాడు. ముక్కు నొప్పి మూడు రోజులుంది. పాఠం చాలా ఏళ్లు నిలిచింది.

స్టాండులో తోటి డ్రైవర్లు ఆయన్ని టక్కు యాకోబు అని ఆటపట్టించేవారు. వెనక నుంచి బెల్టు లాకు టక్కుమన్న చప్పుడు వినపడందే తాళం తిప్పేవాడు కాదు. ఒకసారి పెళ్లికి బయలుదేరిన ముసలమ్మ, "నన్ను కట్టేసి యాడికి తోల్కపోతాన్నవ్ కొడుకా?" అని గోల పెట్టింది. "మనుమరాలి పెండ్లికే గదమ్మా. దిగినంక ఎంతన్న ఎగురు, అందాక కూసో" అన్నాడట. తన ఒంటి విషయంలోనూ అంతే. రెండు గంటలకోసారి బండి ఆపి, దిగి నడిచేవాడు. దారిలో ఆపాల్సి వస్తుందని నీళ్లు తాగకుండా దాహం చంపుకునే డ్రైవర్లను అందరి ముందే తిట్టేవాడు. షుగర్ గోలీ వేసుకున్నాక ఏదైనా తినందే స్టీరింగ్ ముట్టేవాడు కాదు. ప్యాసింజర్లు విసుక్కుంటే, "నా పానం మంచిగుంటెనే నీ పానం మంచిగుంటది సారూ, జర తిననియ్యి" అనేవాడు. ఇంత చాదస్తమా అని నేనూ చాటుగా నవ్వుకున్న రోజులున్నాయి.

ఒకనాడు మధ్యాహ్నం వచ్చి, బండి తాళం నా బల్ల మీద పెట్టాడు. "మడికొండ కాడ బోర్డు మీది అక్షరం కనపడలే తమ్మీ. కండ్లు తుడ్సుకొని మళ్ల చూసిన. కనపడలే. ఇయ్యాల్టి నుంచి బంద్" అన్నాడు. అద్దాలు మార్పించుకోమన్నాను. "డాక్టరమ్మకు చూపిచ్చుకున్న. షుగర్ కంటికెక్కిందట. నా కన్ను మీద నాకే నమ్మకం లేనప్పుడు మందిని ఎట్ల ఎక్కించుకోవాలె?" ఎవరూ ఆపమనకముందే తానే ఆపేశాడు. ఆ వారమే బండి అమ్మేశాడు. ఆ తర్వాత మధ్యాహ్నాలు నా దుకాణంలోనే గడిపేవాడు. కవర్లు తొడిగిన ప్రతి బండిలోనూ వెనక కూర్చుని, కళ్లు మూసుకుని తడిమి చూసి దిగేవాడు. ఆ పరీక్ష పాసు కాని బండి నా దుకాణం గడప దాటేది కాదు.

తర్వాత ఆయన కంటి ఆపరేషన్ చేయించుకుని డోర్నకల్‌లో బిడ్డ ఇంట్లో నెల రోజులున్నాడు. ఆ నెలలోనే స్టాండులోని రాజు కొత్త టాక్సీ కొని నా దగ్గరకు తెచ్చాడు. అప్పుడే నాకు డైమండ్ కుట్టు చేతికొచ్చింది. వెనక సీటంతా ఒకే గుడ్డలా, ఈ కొస నుంచి ఆ కొస దాకా చిన్న చిన్న డైమండ్లు. జంపఖానా మీద మా బాపు వేసే గళ్లలా ఒక్క గీతా తప్పలేదు. ఇక లాకుల కోసం కోయాలి. మూడు చోట్ల కోస్తే గీత మూడు చోట్ల తెగుతుంది. బ్లేడు చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. వెనక ఎవరు పెట్టుకుంటారులే అనుకున్నాను. యాకోబన్న ముందు నేను అన్న మాటే అది. ఆయన లేడు కదా, చూడడు కదా అన్న ధైర్యం కూడా అందులో ఉంది. బ్లేడు బల్ల మీద పెట్టేశాను. లాకులు కప్పెయ్యమని రాజు అడగలేదు, తొందర పెట్టలేదు. ఆ తప్పు పూర్తిగా నాదే. స్టాండంతా వచ్చి ఆ సీటును మెచ్చుకుంటుంటే నా కాలు నేల మీద నిలవలేదు.

యాకోబన్నను ఇంటికి తేవడానికి, రైల్లో తోపులాట వద్దని, ఆయన కూతురు రాజు టాక్సీయే మాట్లాడింది. కేసముద్రం దాటాక పత్తి ట్రాక్టరు అడ్డం వచ్చింది. రాజు బ్రేకు వేసినా బండి ఆగకుండా వెళ్లి ట్రాలీకి గుద్దుకుంది. బెల్టు పెట్టుకున్న రాజుకు ఛాతీ మీద ఒక కమిలిన గీత మిగిలింది. వెనకున్న యాకోబన్న ముందు సీటుకు కొట్టుకుని కింద పడ్డాడు. నడుము విరిగింది. దవాఖాన నుంచి నేరుగా బిడ్డ ఇంటి మంచం మీదికే వెళ్లాడు, మళ్లీ లేవలేదు.

బండి బాగు చేయించాక రాజు నా దగ్గరకే తెచ్చాడు. "వెనక కవరు జర చూడన్నా, చినిగింది" అన్నాడు. తలుపు తీసి చూశాను. ఎడమ వైపు లాకు ఉండే చోట కుట్లు ఊడి ఉన్నాయి. ప్రమాదంలో చినిగింది కాదు. ఒక్కో పోగూ గోటితో లాగినట్టుంది. ఇంకో నాలుగు కుట్లు ఊడితే లాకు బయటపడేది.

"యాకోబన్ననే" అన్నాడు రాజు, తల దించుకుని. "ఎక్కినకాన్నుంచి లాకేది లాకేది అని ఒకటే గీకుడు. జర ఆగురా అన్నడు. రైలు గేటు పడుతదని నేనే ఆగలే."

వాడు ఏడ్చాడు. నేను ఏడవలేకపోయాను. ఆ ముక్క కోసి జేబులో పెట్టుకున్నాను. ఆ కుట్టు వేసిన మరో రెండు బండ్ల వాళ్లను పిలిపించి లాకులు బయటికి తీశాను. తర్వాతి ఆదివారం, ఆయన ముందు ఆ ముక్క పెట్టి తప్పు ఒప్పుకుందామని డోర్నకల్ రైలెక్కాను.

మంచం మీద ఆయన సగమైపోయాడు. నన్ను చూడగానే ముఖం విప్పారింది. బిడ్డను పిలిచి చాయ్ పెట్టమన్నాడు. నేను జేబులోని ముక్క తీయబోతుంటే ఆయనే అందుకున్నాడు. "దొర్కలే తమ్మీ. మస్తు చూసిన. వేళ్లల్ల బలం లేకపాయె." గోళ్లు అరిగిన వేళ్లను తానే తప్పు చేసినట్టు చూసుకున్నాడు. "రాజుగాడు యేడ కుట్టిచ్చిండో ఏమో. నువ్వు కుట్టిన బండైతెనా, కండ్లు మూసుకున్నా దొర్కుతుండె."

నా జేబులో ఆ ముక్క ఉంది. నోట్లో మాట ఉంది. "చాయ్ సల్లారుతాంది, తాగన్నా" అన్నాను.

ఆ తర్వాత ఏడాదిన్నరలో మరో మూడుసార్లు వెళ్లాను. ప్రతిసారీ ముక్క జేబులో పెట్టుకునే వెళ్లాను. ఆయన పిల్లల గురించి, గిరాకీ గురించి అడిగేవాడు, నేను చెప్పేవాణ్ణి. నా మీద ఆయనకున్న నమ్మకం పోతుందని భయపడ్డాను. అంతకంటే ఏమీ లేదు, పిరికితనం. ఆయన నిజం తెలియకుండానే పోయాడు. సమాధి దగ్గర ఆయన బిడ్డ, "బాపుకు నువ్వంటే పానం" అన్నప్పుడు కూడా నేను నిజం చెప్పలేదు.

ఇప్పుడు గుడ్డ పరిచిన వెంటనే ముందు లాకుల చోటు కోస్తాను, తర్వాతే మిగతా కుట్టు. అందం పోతుందని గొణిగేవాళ్లను ఆ గల్లీ చివరిదాకా తీసుకెళ్లి ఒకసారి బ్రేకు వేస్తాను. బండి అప్పజెప్పే ముందు వెనక కూర్చుని, కళ్లు మూసుకుని, సీటు మీద చెయ్యి పెడతాను. లాకు వేళ్లకు తగులుతుంది. అప్పుడు, పక్కన ఎవరున్నా లేకున్నా, నాలుగుసార్లు డోర్నకల్ దాకా మోసుకెళ్లి తిరిగి తెచ్చుకున్న మాట మెల్లగా అంటాను. "యాకోబన్నా, ఆ బండి గూడ నేనే కుట్టిన."