ఉప్పు కోసం కదిలిన ఇల్లు

మార్చి నాలుగు, ఉదయం పదింబావు. బస్సుకింకా ఇరవై నిమిషాలుందని మబేలా అనే గల్ఫ్ ఊళ్లో ఒక దుకాణంలోకి వెళ్లాను. బయట ఇల్లులాంటి పెద్ద వ్యాను ఆగింది. అందులోంచి దిగిన వంటావిడ గోడవారన నిలబడి, కూతురితో ఫోన్లో పదకొండు నిమిషాలు మాట్లాడింది. తెరిచిన తలుపులోంచి వినిపించింది, కడప యాస.

ఆమె లోపలికొచ్చాక పలకరించాను.

"మేడమోళ్లు ఈ బండిలోనే ఉంటారమ్మా, సముద్రం ఒడ్డున పెట్టుకోని. ఆడ సిగ్నల్ రాదు. ఊళ్లోకి పోను ఏరే కారు లేదు. ఉప్పయిపోతే ఇల్లు మొత్తం ఊళ్లోకి రావాల."

"ఒకేసారి ఎక్కువ కొనుక్కోకూడదూ?" అంటూ కిలో ప్యాకెట్ అందించాను.

"కొంటే మల్లా ఎప్పుడొస్తాం?" అని నవ్వి, దాన్ని అరలో పెట్టేసి, అన్నిటికన్నా చిన్నది తీసుకుంది.

బస్సెక్కి నా ఫోన్ చూసుకున్నాను. సిగ్నల్ నిండుగా ఉంది. దిగేదాకా ఎవరికి చేయాలో తోచలేదు.