టెంటు కురుమూర్తి పచ్చి క్యాబేజీ

మల్దకల్ చుట్టుపక్కల ఏ ఇంట్లో మంచి జరిగినా చెడు జరిగినా మొదటి కబురు టెంటు కురుమూర్తికే అందుతుంది. పెళ్లికూతురి మేనమామ కంటే ముందు ముహూర్తం ఆయనకు తెలుస్తుంది. ఆయన ఇంటి పక్కనున్న రేకుల షెడ్డులో కిరాయికిచ్చే షామియానాలు, కుర్చీలు, వంట గుండిగలు, అన్నం గంపలు ఎప్పుడూ బయలుదేరడానికి సిద్ధంగా ఉంటాయి.

ఆయన పనిలో కష్టమైనది గుంజలు పాతడం కాదు, పాతిన తర్వాత తినడం. నీడ కట్టిన మనిషి ఆకలితో పోతే ఇంటికి అచ్చిరాదని టెంటు కట్టించుకునేవాళ్ల నమ్మకం. పెళ్లయితే బగారన్నం, మటన్. ఒడిబియ్యమైతే భక్ష్యాలు, వాటి మీద గరిటెడు నెయ్యి. చావు ఇంట్లో దినాలనాడు కూడా తప్పదు. ముహూర్తాలు బాగున్న నెలలో ఒక్క మధ్యాహ్నమే మూడిళ్లలో మూడు విస్తళ్ల ముందు కూర్చునేవాడు. వద్దంటే, "మా ఇంటి కూడు చేదైందా కురుమన్నా?" అని ఇంటి పెద్ద మొహం ముడుచుకుంటాడు. ఆ మొహం చూడలేక కురుమూర్తి ఇంకో ముద్ద మింగుతాడు. అట్లా ముప్పై ఏళ్లు మింగాడు.

చివరకు గద్వాలలోని డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది.

"కురుమూర్తి గారూ, వచ్చే నెల మళ్లీ రండి. షుగర్ ఇట్లాగే ఉంటే ఇన్సులిన్ మొదలుపెట్టాలి. పొద్దున ఒక సూది, రాత్రి ఒక సూది."

"ఎన్ని దినాలమ్మా?"

"దినాలు కాదండీ. రోజూ."

కురుమూర్తి తేలును తోక పట్టుకుని బయట పారేసే మనిషి. గాలివానలో ఎగిరిపోతున్న షామియానాను తాడుతో సహా పట్టుకుని చెలకలో ఈడ్చుకుపోయినా వదలని మనిషి. కానీ సూదంటే ఆయనకు ప్రాణభయం. కరోనా టీకా నాడు వరుసలో తన ముందున్న మనిషికి సూది గుచ్చుతుంటే చూసి ఈయన కిందపడ్డాడు. ఆ ముందున్న మనిషి ఆయన భార్య లక్ష్మీదేవమ్మ. టీకా వేయించుకున్న చేత్తోనే ఆమె మొగుణ్ణి లేపి కూర్చోబెట్టింది.

అందుకే డాక్టరమ్మ చెప్పిన మిగతా మాటలన్నీ ఆయన దేవుడి మాటల్లా విన్నాడు. అన్నం తగ్గించాలి. పచ్చి కూరగాయలు తినాలి. బయట తిండి మానాలి.

జబ్బు సంగతి ఊళ్లో తెలిస్తే పరువు పోతుందని ఇద్దరికి మాత్రమే చెప్పాడు. ఒకరు లక్ష్మీదేవమ్మ. రెండోవాడు బస్సులు ఆగేచోట బండి మీద పండ్లు అమ్మే చోటే మియా, ఆయన చిన్ననాటి దోస్తు.

చోటే మియా ఫోను తీసి ఒక వీడియో చూపించాడు. అందులో ఒకామె క్యాబేజీని దారాల్లా తరిగి, మీద ఏదో పుల్లటి రసం పోసి, కరకరలాడిస్తూ తింటోంది.

"దీన్ని స్లా అంటరంట అన్నా. ఏం లేదు, మా ఉల్లిగడ్డ కచుంబర్‌కు తమ్ముడనుకో. క్యాబేజీ, క్యారెట్, మీద బత్తాయి రసం. బత్తాయిలు నేనిస్త, పరేషాన్ కాకు."

కురుమూర్తి క్యాబేజీ గడ్డ తెచ్చి భార్య చేతిలో పెట్టాడు.

"దీన్ని పచ్చిగనే పెట్టు."

"పచ్చాకు తిననీకె మనింట్ల బర్రె ఉన్నది. నీకేమైంది?" అంది లక్ష్మీదేవమ్మ.

అయినా తరిగింది. కానీ తీరా కంచం ఇచ్చే వేళకు ఆమె చేయి ఆగలేదు. ఆవాలు, ఎండు మిరపకాయలు, వెల్లుల్లి వేసి చుయ్యిమని తాలింపు పెట్టింది. కరకరలాడాల్సిన క్యాబేజీ మెత్తగా కూలబడింది.

"పోపెందుకు పెడ్తివే?"

"పోపు లేకుంటె అది మేతయితది. లగ్గమైన కాన్నుంచి నీకు మేత పెట్టలె, ఇప్పుడు పెడ్తనా?"

దాంతో కురుమూర్తి తానే వంటింట్లోకి దిగాడు. పెళ్లి వంటలకు నూట యాభై గుండిగలు అద్దెకిచ్చే మనిషి సొంత పొయ్యి దగ్గర నిలబడటం అదే మొదలు. తాళ్లు కోసే అలవాటుతో క్యాబేజీని కూడా మోకులంత లావుగా కోశాడు. చోటే మియా వచ్చి ఒక పోగు ఎత్తి చూశాడు.

"ఇది తినాల్నా అన్నా, గుంజకు కట్టాల్నా?"

మరునాడు సన్నగానే తరిగాడు కానీ ఉప్పు ముందుగా కలిపి స్నానానికి వెళ్లాడు. వచ్చేసరికి గిన్నెలో సగం నీళ్లు, సగం నీరసం. చివరికి ఇద్దరు దోస్తులూ కలిసి ఒక పద్ధతి కనిపెట్టారు. తరిగిన క్యాబేజీని రంజన్ కుండలోని చల్లటి నీళ్లలో కాసేపు ఉంచాలి. తీసి, కొత్త తువ్వాలలో మూటగట్టి నీళ్లు దులపాలి. క్యారెట్, కీరా, కొత్తిమీర కలపాలి. బత్తాయి రసం, సగం నిమ్మకాయ, చెంచాడు పల్లీ నూనె, మిరియాల పొడి, ఉప్పు ఒక పచ్చడి సీసాలో పోసి మూత బిగించి ఊపాలి. తినే ముందే దాన్ని పోయాలి. వేయించి కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు మీద చల్లాలి.

మొదటి బుక్క నమలగానే కురుమూర్తి కళ్లు పెద్దవయ్యాయి. క్యాబేజీ కరకర, పల్లీ పటపట, మధ్యలో పులుపూ తీపీ కలిసి నాలుక మీదకు వచ్చాయి. దవాఖాన వాళ్లు చెప్పిన తిండి ఇంత బాగుంటుందని ఆయన అనుకోలేదు.

"నమిలే సప్పుడు వీధి దాంక వస్తున్నది. జర మెల్లగ తిను" అంది లక్ష్మీదేవమ్మ. అని, గిన్నెలో చెయ్యి పెట్టి పల్లీలు మాత్రం ఏరుకుంది.

పొద్దున అంతా బాగానే ఉండేది. మధ్యాహ్నం ఏదో ఒక ఇంటి పెద్ద విస్తరి వేసి పిలిచేవాడు. "ఒక్క ముక్క కురుమన్నా, నా మీద ఒట్టు." షుగరని చెప్పుకోలేడు, వద్దని లేవలేడు. బత్తాయి రసంతో పొద్దున సంపాదించినదంతా మధ్యాహ్నం మటన్ గుండిగలో కలిసిపోయేది. డాక్టరమ్మ చెప్పిన గడువు దగ్గర పడుతోంది. కలలో కూడా ఆయనకు సూదులే కనిపిస్తున్నాయి.

ఇంతలో ఒక పెళ్లిలో వాన పడి పెద్ద షామియానా నిలువునా తడిసింది. ఎప్పుడూ ఆరేసే చోట పక్కింటి వాళ్లు పల్లికాయ ఎండబోశారు. పనివాళ్లు ఆలోచించి దాన్ని కురుమూర్తి ఇంటి ముందే గుంజలు పాతి కట్టారు. బురద కుర్చీలు కడిగి దాని కింద వరుసగా ఆరబెట్టి, తిండికి వెళ్లిపోయారు.

పెళ్లి టెంటుకైతే మామిడాకుల తోరణం ఉంటుంది, రంగు బల్బులుంటాయి, మైకు మోగుతుంది. ఇవేవీ లేకుండా ఇంటి ముందు టెంటు, దాని కింద ఖాళీ కుర్చీలు కనబడ్డాయంటే అది చావు ఇల్లేనని ఈ పక్క ఎవరినీ అడగక్కర్లేదు.

ఆ సమయానికే లక్ష్మీదేవమ్మ గడపలో కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తోంది. ఆ ఏటి ఉల్లిగడ్డ మహా ఘాటు. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, ముక్కు చీదుకుంటూ కోస్తోంది. ముందున్న చాట దారిన పోయేవాళ్లకు కనబడదు.

బస్సు దిగి వస్తున్న సాయమ్మ ఈ దృశ్యం చూసింది. సాయమ్మకు లక్ష్మీదేవమ్మ వరసకు వదిన. కొన్నాళ్లుగా ఈ ఇంట్లోంచి పోపు వాసన రావడం లేదని ఆమె గమనిస్తూనే ఉంది. కురుమూర్తిని గద్వాల దవాఖాన మెట్ల మీద చూశామని ఎవరో అన్నారు కూడా. అన్నీ ఒక్కసారిగా కలిశాయి.

"ఓ అన్నా! ఎంత పని చేస్తివే!" అని అక్కడికక్కడే శోకం ఎత్తుకుని వచ్చి వదిన మెడ మీద పడింది. కత్తిపీట తగలకుండా లక్ష్మీదేవమ్మ ఆమెను పట్టుకుంది. ఏదో పెద్ద కష్టమే వచ్చి ఉంటుందనుకుని, అసలే కన్నీళ్లు కారుతున్నాయేమో, తానూ ఏడ్చింది.

ఇద్దరు ఆడవాళ్లు ఏడుస్తుంటే వీధి ఊరుకుంటుందా? ఫోన్లు మోగాయి. ఆటోలు వచ్చాయి. కుర్చీలు నిండాయి. చావులకు డప్పు కొట్టే యేసయ్య కూడా డప్పు భుజాన వేసుకుని వచ్చాడు.

ఇంటి వెనక రంజన్ పక్కన క్యాబేజీ మూట దులుపుతున్న కురుమూర్తికి గోల వినిపించింది. గిన్నె చేత పట్టుకుని, నములుతూ, పక్క సందులోంచి ముందుకొచ్చాడు. తన టెంటు కింద జనం. అందరి మొహాలూ వేలాడుతున్నాయి. అటు తిరిగి డప్పు బిగిస్తున్న యేసయ్య భుజం తట్టాడు.

"ఎవరు పోయిన్రు?"

"టెంటు కురుమన్న" అన్నాడు యేసయ్య తల తిప్పకుండానే.

"అయ్యో" అన్నాడు కురుమూర్తి. ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ తర్వాతి మాట కూడా దానంతటదే వచ్చింది. "టెంటు చెప్పిన్రా?"

"కండ్లు కనబడ్తలేవా? కట్టనే కట్టిన్రు గద—" అంటూ తిరిగిన యేసయ్య చేతిలోంచి డప్పు జారింది.

సాయమ్మ కెవ్వుమంది. అప్పుడే ఒక చేత్తో పూలదండ, ఇంకో చేత్తో బత్తాయిల సంచి పట్టుకుని ఏడుస్తూ వచ్చిన చోటే మియా కురుమూర్తిని గట్టిగా కావలించుకున్నాడు. బత్తాయిలు కుర్చీల కింద దొర్లిపోయాయి.

"అరె భాయ్, నీకోసం తియ్యటివి ఏరి పెట్టిన. తినకుండనే పోతివని ఎంత ఏడ్చిన తెలుసా?"

ఇంతలో గద్వాల నుంచి ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. దాని మీద శవాలను పెట్టే ఫ్రీజర్ బాక్సు. పక్కన అక్కడి టెంటుహౌస్ ప్రదీప్, నల్ల కళ్లద్దాలతో.

"మన లైన్ల పెద్దమనిషి. కిరాయి గిట్ల ఏం వద్దు" అని కంఠం బొంగురు చేసుకుని అడిగాడు. "బాడీ ఎక్కడున్నది?"

"నేనే" అన్నాడు కురుమూర్తి.

ప్రదీప్ కళ్లద్దాలు తీసి ఆయనను చూశాడు, ఆయన చేతిలోని గిన్నెను చూశాడు, మళ్లీ ఆయనను చూశాడు.

చచ్చిన మనిషి బతికితే సంతోషించాలి నిజమే. కానీ పనులు మానుకుని ఆటోల్లో వచ్చినవాళ్లకు కొంచెం కోపం కూడా వస్తుంది. "ఏంది గిది? టెంటెందుకు కట్టినట్టు? నువ్వేడ దాక్కున్నట్టు?" అని అందరూ మీదికొచ్చారు. మొగుడు గిన్నె వెనక దాచుకుంటుంటే లక్ష్మీదేవమ్మ లేచి నిలబడింది.

"షుగరొచ్చింది ఆయనకు. తగ్గకుంటె దినాం సూదేస్త అన్నది డాక్టరమ్మ. సూదికి భయపడి పచ్చాకు తింటున్నడు. మీరేమో ఇంటికి పిలిచి మటన్ మీద మటన్ పెట్టవడ్తిరి. చంపేది మీరు, ఏడ్సనీకె వచ్చేది మీరు!"

టెంటు కింద ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. కురుమూర్తి చెవులు ఎర్రబడ్డాయి.

అయినా వచ్చినవాళ్లను ఆకలితో పంపడం ఎట్లా? తన టెంటు కింద తానే ఇంటి పెద్ద అయిన మొదటి రోజది. ఇంట్లో వండినదేమీ లేదు. షెడ్డులోంచి గుండిగ తీయించాడు. సాయమ్మ కూరగాయల కొట్టు నుంచి క్యాబేజీలు తెచ్చింది, ఆడవాళ్లు కత్తిపీటల ముందు కూర్చున్నారు, చోటే మియా కుర్చీల కింద పాకుతూ బత్తాయిలు ఏరాడు. పచ్చడి సీసా చాలక ప్రదీప్ తన వాటర్ క్యాను ఇచ్చి, తానే ఊపాడు. కాసేపటికి టెంటు కింద ఒకటే కరకర, మిడతల దండు వాలినట్టు. పళ్లు లేని ఒక ముసలాయన రసం మాత్రం రెండు గ్లాసులు తాగి, "చారు మంచిగున్నది" అన్నాడు.

ఆ రోజు నుంచి చుట్టుపక్కల ఎవరూ కురుమూర్తికి విస్తరి వేయలేదు. "ఆయనకు పెట్టకుర్రి, మన మీదికొస్తది" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. నెల తిరిగి డాక్టరమ్మ కాగితం చూసి, ఈసారి కళ్లద్దాలు తీయలేదు.

"తగ్గిందండీ. సూది అవసరం లేదు. ఇట్లాగే తినండి."

కురుమూర్తి బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఈల వేశాడు.

తర్వాతి వారం ఆత్మకూరులో పెళ్లి. టెంటు కట్టి, ఒక మూల కుర్చీలో గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. భోజనాల బంతులు లేస్తున్నాయి, మటన్ బకెట్లు ఆయన ముందు నుంచే పోతున్నాయి. వడ్డించేవాళ్లు ఆయన దగ్గరికి రాగానే బకెట్టు అవతలి చేతికి మార్చుకుంటున్నారు. ఆయనకు తినాలని లేదు. కానీ ముప్పై ఏళ్లుగా తనను బతిమాలిన లోకం ఒక్కసారిగా మూగబోయినట్టు అనిపించింది. చాలాసేపు ఓర్చుకుని, పెళ్లికూతురి తండ్రి లక్ష్మణ్‌ను చెయ్యెత్తి పిలిచాడు.

"ఏంది కురుమన్నా?"

"నేను తిననులే లక్ష్మణా. గని ఒక్కసారన్న అడుగుర్రి."

లక్ష్మణ్‌కు విషయం అర్థమైంది. నడుము వంచి, నలుగురికీ వినబడేటట్టు అడిగాడు.

"కురుమన్నా, ఒక్క ముక్క తినవా? నా మీద ఒట్టు."

"వద్దు."

"మా ఇంటి కూడు చేదైందా?"

"అబ్బే, వద్దే వద్దు!" అన్నాడు కురుమూర్తి ఛాతీ విరుచుకుని. ముప్పై ఏళ్లలో మొదటిసారి నిలబెట్టుకోగలిగిన ఆ మాటను ఇంకోసారి కూడా అని, తృప్తిగా గిన్నె మూత తీశాడు.