రోజుకొక పేజీ చదివే దయ్యం

ఆ రోజుల్లో నాకు దయ్యాల మీద నమ్మకం లేదు, సర్కారు నోటిఫికేషన్ల మీద ఉండేది. తర్వాత తెలిసిందేమిటంటే, రెండిటినీ చూశామని చెప్పేవాళ్లే ఎక్కువ. డిగ్రీ అయ్యాక మూడేళ్లు అశోక్‌నగర్‌లో ఒక గదిలో ఉండి గ్రూప్స్‌కి చదివాను. చదివాను అంటే, చదవడానికి సీటు వెతికాను. అక్కడికి దగ్గర్లోనే చిక్కడపల్లి వైపు ఒక పాత లైబ్రరీ ఉండేది (పేరెందుకు, ఇప్పటికీ పాపం అది తన పని తాను చేసుకుంటోంది). పొద్దున్నే గేటు ముందు లైను కట్టాలి, తలుపు తీయగానే పరుగెత్తాలి, కుర్చీ మీద కర్చీఫో, వాటర్ బాటిలో పడేయాలి. కర్చీఫ్ పడితే ఆ సీటు మీదే. దాన్ని తీసేవాడు మా లోకంలో మనిషి కింద లెక్క కాదు. నేనెప్పుడూ రెండు నిమిషాలు ఆలస్యంగా పోయేవాణ్ణి కనక, మూత్రశాల పక్కనున్న బల్ల దగ్గర కూర్చుని భారత రాజ్యాంగం చదివేవాణ్ణి. కొన్ని అధికరణాలు తలుచుకుంటే ఇప్పటికీ ముక్కు మూసుకుంటాను.

మూడో ప్రయత్నం. ఇదే ఆఖరుదని ఇంట్లో నాన్నకు మాట ఇచ్చాను. పరీక్ష నెలరోజుల్లోకి వచ్చింది. ఈసారి ఎలాగైనా కిటికీ పక్క, ఫ్యాను కింద ఉన్న మూల సీటు పట్టాలని తెల్లవారకముందే పోయి లైన్లో మొదట నిలబడ్డాను. నా కళ్ల ముందే వాచ్‌మన్ తాళం తీశాడు. నాకంటే ముందు ఒక్క ప్రాణి లోపలికి పోలేదు. పరుగెత్తాను. మూల సీటు మీద కర్చీఫ్ ఉంది. ఉతికి, మడత పెట్టి, ఇంకా కాస్త తడిగా. బల్ల మీద పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసిన లావుపాటి పుస్తకం, తెరిస్తే ప్రపంచ చరిత్ర. చుట్టూ ఖాళీ హాలు. నాకు ముందు కోపం వచ్చింది. మెడ మీద వెంట్రుకలు లేచింది ఆ తర్వాత.

ఆ రోజంతా ఆ సీట్లోకి ఎవరూ రాలేదు. మర్నాడూ రాలేదు. కానీ పుస్తకంలో గుర్తు మాత్రం ఒక పేజీ ముందుకు జరిగింది. గుర్తుగా పెట్టింది ఒక చీపురు పుల్ల. వారం రోజులు చూశాను. రోజుకు సరిగ్గా ఒక పేజీ, ఒక్కటే. సంగతి నా రూమ్మేట్‌కి చెప్పాను. వాణ్ణి అందరం కరెంట్ అఫైర్స్ అనేవాళ్లం, వాడికి తెలియనిది ప్రపంచంలో ఆ వారం జరిగి ఉండదు.

“అరే, గిది చేతబడి రా,” అన్నాడు వాడు పుల్లను చూసి రెండడుగులు వెనక్కి వేస్తూ. “లేకుంటే బుక్కుల చీపురు పుల్ల ఎవడు పెడ్తడు?”

“చేతబడికి ప్రపంచ చరిత్ర ఎందుకురా?”

“గట్లనా? అయితే ఫెయిలయి సచ్చిపోయినోడు ఎవడో ఉంటడు. సిలబస్ పూర్తి చేస్తున్నడు.” కాసేపు లెక్క వేశాడు. “రోజుకొక పేజీ అంటే వచ్చే నోటిఫికేషన్‌కి కూడా కాదు రా. పాపం, సచ్చినా బద్ధకం పోలే.”

అనుమానితుల జాబితా పెద్దదే తయారైంది. దయ్యం, మాజీ అభ్యర్థి ఆత్మ, ఇంటెలిజెన్స్ వాళ్లు. ఇంతలో నాకు భయాన్ని మించిన అవసరం ఒకటి ఉంది, సీటు. ‘ఎవరూ వాడని సీటును విడిపించవలెనని’ సూపర్‌వైజర్‌కి అర్జీ రాశాను. పద్నాలుగు మంది సంతకాలు పెట్టారు. సాయంత్రం నాలుగింటికి వచ్చి పుస్తకం, కర్చీఫ్ తీయించేస్తానన్నాడాయన.

ఆ మధ్యాహ్నమే ఆ సంఘటన. ఒంటిగంట నుంచి రెండు దాకా ఊడవడానికి హాలు మూస్తారు. అందరం ఐదు రూపాయల భోజనానికి పోతాం. నేను కళ్లజోడు మరిచిపోయి సగం దారిలోంచి వెనక్కి వచ్చాను. మెట్ల మీద మనిషి లేడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల నుంచి గుసగుసగా ఒక గొంతు. “రాజు... మారు వేషమున... పారిపోయెను...” తర్వాత పేజీ తిప్పిన చప్పుడు. పారిపోదామనుకున్నాను, కానీ కళ్లజోడు లేకుండా మెట్లు సరిగ్గా కనపడవు. ధైర్యమంటే చాలాసార్లు ఇంతే. తలుపు తోశాను.

మూల సీట్లో, ఒళ్లో చీపురు పెట్టుకుని, వేలితో గీత వెంబడి నడుస్తూ చదువుకుంటోంది ఊడ్చే అక్క.

“అమ్మో! నువ్వా తమ్మీ! దిల్ ఆగినంత పనైంది,” అంది. నాది ఆగి అప్పటికి చాలాసేపైంది.

రోజూ పొద్దున తాళం తీయకముందే వెనక గుమ్మంలోంచి వచ్చి ఊడ్చే మనిషి. పగలు మధ్యమధ్య చెత్త తీయడానికి ఆమె వచ్చినప్పుడల్లా పుస్తకంలోంచి తలెత్తకుండా కాళ్లు మాత్రం ఎత్తేవాళ్లం. బుక్కులో చీపురు పుల్ల చూసి చేతబడి దాకా పోయిన పద్నాలుగు మంది పట్టభద్రులకు చీపురు పట్టుకున్న మనిషి తట్టలేదు.

“ఏ ఎగ్జామ్ రాస్తున్నావక్కా?” అనడిగాను. నాకు తెలిసిన ప్రశ్న అదొక్కటే.

“ఎగ్జామా? నాకెందుకు తమ్మీ?”

“మరెందుకు చదువుతున్నావు?”

అన్నం ఎందుకు తింటావని అడిగినట్టు చూసింది. “బాగుంటది గదా. పాలమూరుల పదో తరగతి దాంక చదివిన. ఎవరో ఈ బుక్కు ఇడిచి పోయిన్రు.”

“రోజుకు ఒక్క పేజీయేనా?”

“రెండు చదివితే జల్ది అయిపోతది. మరి రేపటికేముంటది? ఒకటి చదువుత, పొద్దుమీకె దాంక దాన్నే యాది చేస్కుంట పని చేస్త. దినం మంచిగ గడుస్తది. ఇగో, రాజు పెండ్లాం పిల్లలతోని బండెక్కి పారిపోతుండు. దొరుకుతడో ఏమో.”

విప్లవానికి భయపడి పారిపోయిన ఆ రాజు నాకు ఒక మార్కు ప్రశ్న. ఉత్సాహం ఆగలేదు. “దొరుకుతాడక్కా. ఆ తర్వాత అతని తల—”

“చెప్పకు!” చీపురు కింద పడేసి రెండు చెవులూ మూసుకుంది. “నీకు దండం పెడ్త, చెప్పకు.”

మూడేళ్లలో ఆ పుస్తకాన్ని నాలుగుసార్లు చదివాను. తర్వాత ఏమవుతుందోనని ఒక్కసారీ అనుకోలేదు.

“వేరే సీట్లో కూర్చోవచ్చు కదక్కా?”

“మీ బుక్కులుంటయి. తాకితే గుస్స చేస్తరు. ఒకపారి పెన్ను పోయిందని ఒక పిలగాడు నన్నే అడిగిండు. గందుకే గీ ఒక్కటి ఆపుకుంట. ఆఫీసుల చెప్పకు తమ్మీ.”

ఆ పిలగాణ్ణి నేనే. పెన్ను సాయంత్రం నా చొక్కా జేబులోనే దొరికింది. అది నేనేనని ఆమెకు గుర్తుందో లేదో అడిగే ధైర్యం నాకు రాలేదు, ఇప్పటికీ లేదు. నా బల్ల మీది కళ్లజోడు తీసి పెట్టుకుని చూస్తే, గడియారం రెండుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. నాలుగింటికి సూపర్‌వైజర్ వస్తాడు, నా అర్జీ పట్టుకుని.

మెట్ల కింద కరెంట్ అఫైర్స్ కనపడగానే గోడకు ఆనుకుని కూలబడ్డాను (సగం నటన, మిగతాది ఇందాకటి భయమే). “చూశాన్రా,” అన్నాను. “ఎట్లుండె?” అన్నాడు వాడు. నాకు కల్పనాశక్తి తక్కువ. అందుకని తోచినవి నావే చెప్పాను. సోడాబుడ్డి కళ్లజోడు, నీలం గళ్ల చొక్కా, మూడుసార్లు ఫెయిలయిన మొహం (రాయబోయేది కూడా ముందే కలిపాను). సీటు జోలికొస్తే రిజల్ట్ రాదన్నాడని కూడా చేర్చాను. మూడున్నరకల్లా పద్నాలుగు సంతకాలూ వెనక్కి తీసుకున్నారు. అర్జీ చింపుతూ సూపర్‌వైజర్, “చదువుకున్నోళ్లు,” అని మాత్రం అన్నాడు. నేను మళ్లీ మూత్రశాల పక్కకు పోయి రాజ్యాంగం తెరిచాను. ఆ ఏడాది కూడా రిజల్ట్ రాలేదు (దయ్యం సంబంధం లేదు). కానీ ఆ మూడేళ్లలో సార్థకమైన రోజు ఏదని ఎవరైనా అడిగితే, ఒక్క పేజీ కూడా చదవని ఆ రోజే చెబుతాను.

ఇన్నేళ్ల తర్వాత మొన్న నారాయణగూడలో పనుండి, మధ్యాహ్నం ఆ లైబ్రరీకి వెళ్లాను. ఇప్పుడు నాదొక చిన్న ఉద్యోగం, రాత్రి పడుకునే ముందు ఒక పేజీ. హాలు తలుపు దగ్గరగా వేసి ఉంది. మెట్ల మీద టిఫిన్ డబ్బాతో కూర్చున్న ఒక అమ్మాయి నన్ను కొత్త అభ్యర్థి అనుకుందేమో (వయసును బట్టి, చాలా పట్టుదల గలవాణ్ణి అనుకుని ఉంటుంది), “సార్, కిటికీ పక్క సీట్ల మాత్రం కూసోకుండ్రి,” అంది.

“ఏం?”

“గాడ ఒకాయన ఉంటడంట. సోడాబుడ్డి అద్దాలు, నీలం గళ్ల అంగీ. మూడుసార్లు ఫెయిలయి సచ్చిపోయిండంట. ఇంకా రోజుకొక పేజీ చదువుతనే ఉన్నడంట. పాపం సార్.”

లోపల మెల్లగా ఒక పేజీ తిరిగిన చప్పుడైంది. అమ్మాయి డబ్బా గట్టిగా పట్టుకుంది. నేను కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, “పాపమెందుకమ్మా, ఆయన బాగానే ఉన్నాడు,” అని చెప్పి, రెయిలింగ్ తడుముకుంటూ మెట్లు దిగాను.